బండి స్వభావమా? బండి దోషమా?

వ్యాధితో వచ్చినవానికి మందీయజాలక "నీ దేహతత్త్వమే యట్టిది, పోయి రమ్ము" అని చెప్పెడు వైద్యుడు తన పనిని ముగించుకొనుచున్నాడు గాని, రోగి బాధ యెక్కడి దక్కడనే యున్నది. మోటారు వాహనముల వర్తకమునందు నేడిట్టి వైద్యము విరివిగా జరుగుచున్నది. లక్షలకొలది రూపాయలు పోసి కొన్నవాడు, తన బండి యొకానొక వేగమున వణకుచున్నదని మొరపెట్టుకొన్నచో, రెండు మూడు మారులు పరీక్షించి, ఒకటి రెండు భాగములను మార్చి, తుదకు "ఇది యీ జాతి బండ్ల స్వభావము" అని కాగితముపై వ్రాసి పంపుచున్నారు. స్వభావమన్న పిదప మరమ్మతు లేదు. మరమ్మతు లేనిచో బాధ్యతయు లేదు. ఈ యొక్క మాట వెనుక నెంత యన్యాయము దాగగలదో, దాని నెదుర్కొనుటకు కొన్నవాని చేతిలో నెట్టి సాధనములు గలవో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ వ్యాసకర్త యనుభవమునే ముందుగా మనవి చేసెదను. వానకాలమున కాలువగట్టు వెంబడి నల్లరేగడి చేలలోనికి పోవలెనన్నచో, రెండు చక్రములకు మాత్రమే బలము చేరెడు బండి బురదలో కూలబడును. అందుచేత ఇరువది నెలల క్రిందట, జనులు "ఆల్ వీల్ డ్రైవు" అని పిలుచు బండిని, అనగా నాలుగు చక్రములకును ఇంజను బలము నందించెడు దానిని, మూడు సంవత్సరముల పంటమిగులు వెచ్చించి కొంటిని. బురదలో నది మెచ్చదగిన బండియే. కాని రహదారి నెక్కి గంటకు 95 కిలోమీటర్ల వేగము దాటగానే కూర్చున్న సీటును, కాళ్లక్రింది నేలయు సన్నగా అదరసాగును; 110 దాటిన పిదప ఆ యదురు తగ్గిపోవును. స్టీరింగు మాత్రము నిశ్చలముగనే యుండును. అమ్మినవారి వర్క్‌షాపునకు ఐదుమారులు బండి నప్పగించితిని. మొదటి నాలుగుమారులును చక్రములను యంత్రముపై త్రిప్పి, తూచి, బరువుబిళ్ల లంటించిరి. అందొకమారు నాలుగు టైర్లను మార్చిరి. ఐదవమారు వెనుక ఇరుసునకు బలమును గొనిపోవు ప్రొపెల్లర్ షాఫ్టునకు నడుమనుండు బేరింగును మార్చగా, రెండువేల కిలోమీటర్ల వరకు వణకు తగ్గి, మరల యథాప్రకారముగ వచ్చెను. ఆ మీదట వ్రాసియిచ్చినదే పైనుదహరించిన "స్వభావము" మాట.

నాలుగు చక్రముల చోదకము గల బండి తక్కిన బండ్లకంటె వణకుటకు హెచ్చు తావులు గలదనుట సత్యమే. సామాన్యమైన చిన్నకారులో ఇంజను ముందుండి ముందు చక్రములనే త్రిప్పును; వెనుక చక్రములు కేవలము దొరలిపోవును. ఈ జాతి బండిలోనో, ఇంజను బలమును రెండుగా పంచు గేరుపెట్టె యొకటి, అచ్చటినుండి బండి పొడవునను వెనుకకు పోవు ఉక్కుగొట్టపు షాఫ్టు, దానికి కీళ్లు, నడుమ రబ్బరుతో వ్రేలగట్టిన బేరింగు, వెనుక ఇరుసునందు మరియొక గేరుపెట్టె, ఇవన్నియు నదనముగా నుండును. తిరుగు వస్తువు లెన్ని హెచ్చినచో వణకునకు మూలము లన్ని హెచ్చును. ఇంతవరకు వర్తకుని మాట నిజము. కాని తావు లనేకము లుండుట వేరు, వణకుట ధర్మమగుట వేరు. ఇంటికి కిటికీ లెక్కువ గలవని దొంగతనము ఆ యింటి స్వభావ మగునా?

ఆ కీళ్ల కథ మిక్కిలి ప్రాచీనమైనది. 16వ శతాబ్దమునందలి ఇటలీ పండితుడు కార్డానో పేరను, 17వ శతాబ్దమునందలి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరను ఆ కీలు నేటికిని వ్యవహరింపబడుచున్నది. వంగిన కోణమున తిరుగునపుడు దానికొక గుణము గలదు: ఒక ప్రక్క షాఫ్టు సమవేగముతో తిరిగినను, రెండవ ప్రక్క షాఫ్టు చుట్టొక్కింటికి రెండుమారులు వేగము హెచ్చి రెండుమారులు తగ్గును. అందుచేత రెండు కీళ్లను సమానకోణముల నమర్చి, ఒకదాని యెగుడుదిగుడును రెండవదానిచే సరిచేయింతురు. ఆ కోణములు తప్పినచో, లేక కీళ్లు ఒండొంటికి సరియైన దిశలో కూర్పబడనిచో, ఎగుడుదిగుడు నిలిచిపోయి బండిని కుదుపును. 1920 తరువాతి దశాబ్దములో రెప్పా యను నాతడు సమవేగముతో తిరుగు కీలును కల్పించిన పిదప ముందు చక్రముల విషయమున నీ చిక్కు చాలవరకు తీరినది. కావున ఈ వణకునకు హేతువు దైవికము గాదు, లెక్కకు లోబడినది. లెక్కకు లోబడిన దానికి చికిత్సయు నుండవలెను.

అయితే కొన్నవాని దోషముల నతడు ముందుగా తుడిచికొని కదా ఎదుటివాని నడుగవలెను. పొలమునుండి వచ్చిన బండి చక్రపు లోపలి యంచున రేగడిమట్టి పట్టుకొని యెండిపోవును. అది పైకి కనబడదు. చక్రకేంద్రమునుండి సుమారు 20 సెంటీమీటర్ల దూరమున 30 గ్రాముల బరువు ఎక్కువైనచో, గంటకు 100 కిలోమీటర్ల వేగమున నది నాలుగు కిలోల బరువుతో సమానమైన లాగుడును సెకనుకు పండ్రెండు పదమూడు మారులు కలిగించును. వేగము సగమైనచో ఆ లాగుడు నాలుగవవంతునకు తగ్గును. కావుననే ఊరిలో తెలియని వణకు రహదారిపై తెలియును. మరియు నాలుగు టైర్లును ఒకే కొలత, ఒకే రకము, ఇంచుమించు ఒకే అరుగుదల గలవై యుండవలెను. రెండు క్రొత్తవి రెండు పాతవి తగిలించినచో ముందు వెనుకల చుట్లలో తేడా వచ్చి నడిమి గేర్లపై నిరంతరము ఒత్తిడి పడును. అందమునకై బండిని ఎత్తుచేసి షాఫ్టు కోణములను పాడుచేసినవాడును, అవసరమైనపుడు మాత్రమే నాలుగు చక్రములను కలుపుకొను బండిని ఎండిన తారురోడ్డుపై కలిపియుంచి మలుపులలో కీచుమనిపించువాడును నిర్మాతను నిందించుట ధర్మము గాదు. నేను నా బండి చక్రములను కడిగించితిని, టైర్లు సరియే, ఎత్తుచేయ లేదు. వణకు నిలిచియే యున్నది.

ఇక అసలు విషయమునకు వత్తము. "బండి అదరుచున్నది" అను వాక్యమునకు వర్క్‌షాపులో విలువ లేదు. పరీక్షింప వచ్చిన మెకానిక్కు ఊరి సందులలో 60 వేగమున త్రోలి "నాకేమియు తెలియలేదే" యనును. ఆతని నేమనవలెను? ఒక దినమున నిన్ని బండ్లను చూడవలెనని ఆతనికి పైనుండి యాజ్ఞ గలదు. అనుభూతికి సాక్ష్యము లేదు. సంఖ్యకు మాత్రము సాక్ష్యము గలదు. వణకును సంఖ్యగా మార్చుటయే కొన్నవాడు చేయవలసిన మొదటి పని.

అది కష్టమైనదియు గాదు. గంటకు 100 కిలోమీటర్లనగా సెకనుకు 27.8 మీటర్లు. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లైనచో చక్రము సెకనుకు సుమారు 12.6 మారులు తిరుగును. వెనుక ఇరుసులోని గేర్ల నిష్పత్తి 3 అయినచో షాఫ్టు సుమారు 38 మారులు తిరుగును. కీళ్ల కోణములు తప్పినచో అందునకు రెట్టింపు, అనగా 76 మారులు, కుదుపు పుట్టును. ఆ వేగమున ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నచో సెకనుకు 33. కావున వణకు సెకనుకు ఎన్నిమారులో తెలిసినచో దోషి యెవరో చాలవరకు తెలిసినట్లే. నేడు ప్రతివాని జేబులోని ఫోనునందును కదలికను కొలుచు సూక్ష్మయంత్ర మొకటి గలదు. దానిని సీటు క్రింది నేలపై కదలకుండ నమర్చి, ప్రక్కనున్నవాడు చూచుచుండగా ఒకే వేగమున కొంతదూరము పోయినచో చాలును. త్రోలువాడు ఫోనును చూడరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

నేనట్లు చేసితిని. 100 వేగమున వణకు సెకనుకు 38కి అటునిటుగా కనబడినది. అదే వేగమును నిలిపి క్రింది గేరునకు మార్చితిని. ఇంజను చుట్లు హెచ్చినను వణకు సంఖ్య మారలేదు. కావున ఇంజను నిర్దోషి. సంఖ్య 13 గాదు. కావున చక్రములును నిర్దోషులు. మిగిలినది షాఫ్టు, దాని యాధారములు. ఆ వేగముననే హెచ్చి పిదప తగ్గుటకును కారణము గలదు: ఊయలను దాని వరుసకు సరిగా త్రోసినపుడే యది పైకి లేచును; వరుస దాటి త్రోసినచో లేవదు. షాఫ్టు చుట్లు దాని యాధారముల సహజస్పందనముతో కలిసినచోట వణకు శిఖరమునకు పోవుచున్నది. ఇంతకు వింత యేమనగా, దోషి షాఫ్టై యుండగా, నాలుగుమారులు చక్రములను తూచిరి. తలనొప్పికి నాలుగుమారులు కాలికి కట్టుకట్టినట్లాయెను.

ఇట్టి వణకు కేవలము సుఖభంగమని కొట్టివేయరాదు. నిరంతరమైన యదురు బేరింగులను, చమురు కారకుండ నిలుపు సీళ్లను, కీళ్లను అరుగదీయును. నేడు సన్నని కంపముగా నున్నది కాలక్రమమున శబ్దమగును, శబ్దము విరుగుడగును. అప్పటికి వారంటీ కాలము గడచిపోయి, ఆ భారము పూర్తిగ కొన్నవాని నెత్తిన పడును. కాలము గడచుటయే "స్వభావము" అను మాటకు బలము.

ఈ దశలో హితులు చెప్పెడు సలహా యొకటే: "వారితో పోరేల? అమ్మివేయుము." నిజమే, ఊరిలో త్రోలి చూపినచో కొనువానికేమియు తెలియదు. కాని ఆ కొనువాడెవడు? మనవలె పంటమిగులు వెచ్చించు మరియొక గృహస్థు. అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి అకెర్లాఫ్ 1970లో పాతకార్ల సంతను దృష్టాంతముగా గొని యొక సిద్ధాంతమును నిరూపించెను. అమ్మువానికి తెలిసిన లోపము కొనువానికి తెలియనిచో, కొనువాడు ప్రతిబండిని అనుమానించి ధర తగ్గించును. ఆ ధరకు మంచిబండి గలవాడు అమ్మడు. తుదకు సంతలో చెడ్డబండ్లే నిలుచును. ఆయనకు 2001లో నోబెల్ బహుమానము లభించినది. మన పశువుల సంతలలో నీతి యింతకంటె వేరు గాదు: పొడిచెడు గిత్తను సాధువని యమ్మినవాడు ఒక కొనుగోలుదారుని గాక సంతనే మోసగించుచున్నాడు. లోపమును దాచి అమ్ముట వర్తకుని యన్యాయమును మన చేతులతో పొరుగింటికి సాగనంపుటయే. చెప్పి అమ్మినచో నష్టము. దాచి అమ్మినచో పాపము. ఈ రెంటికిని నడుమ మూడవదారి న్యాయమార్గము.

ఆ మార్గమున మనకిపుడు కొంత బలము గలదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రము 1982లోనే, నాలుగుమారులు ప్రయత్నించియు బాగుపరుపలేని క్రొత్తబండిని నిర్మాత తిరిగి తీసికొనవలెనను శాసనమును గావించెను. తక్కిన రాష్ట్రములు దాని ననుసరించెను. మనకట్టి ప్రత్యేకశాసనము లేదు. కాని 1986 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2019 వినియోగదారుల రక్షణచట్టము 2020 జూలైనుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని పట్టణమునకు పరుగెత్తనక్కరలేదు. చెల్లించిన వెల 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనే విచారించును. పరీక్షింపక తేలని లోపమైనచో, వస్తువును తగిన ప్రయోగశాలకు పంపించు నధికారము కమిషనునకు గలదు. లోపముగల వస్తువువలన హాని కలిగినచో నిర్మాత బాధ్యతను నిర్ణయించు ప్రత్యేకాధ్యాయము నీ చట్టమునందు క్రొత్తగా చేర్చబడినది. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి ముందుగా సలహా పొందవచ్చును.

ఇందలి పరిమితులను గూడ తెలిసికొనవలెను. ఫిర్యాదునకు కారణము పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములలో దాఖలు చేయవలెను. ఆలస్యమైనచో తగిన కారణము చూపవలెను. మరమ్మతుల పేర తిరుగుచుండగా ఆ కాలము కరగిపోవును. నా విషయమున లెక్క కట్టుకొనగా మిగిలినవి కొలది నెలలు మాత్రమే. మరియు బండి మొత్తమును మార్చియిమ్మని యడుగుట సులభము, సాధించుట దుర్లభము. వారంటీ పత్రమునందు లోపముగల భాగమును బాగుచేయుదుము లేక మార్చుదుము అని మాత్రమే యున్నపుడు, బండినే మార్చవలెనని యాజ్ఞాపించుట తగదని సుప్రీముకోర్టు 2006లో తీర్పు చెప్పినది. కావున వివేకియైనవాడు ఏ భాగమున దోషమో చూపి, ఆ భాగము యొక్క సంపూర్ణమైన మరమ్మతును, కలిగిన నష్టమునకు పరిహారమును, అది సాధ్యము గానిచో సొమ్మును వాపసు నడుగవలెను.

ఇట్టి వ్యవహారమునకు కాగితమే ప్రాణము. బండి నప్పగించు ప్రతిమారును వర్క్‌షాపువారు వ్రాయు జాబుకార్డునందు "సాధారణ పరీక్ష" అని గాక, "ఇన్ని కిలోమీటర్ల వేగమున సీటు క్రింద వణకు" అని వ్రాయించవలెను. ఎన్నిదినములు బండి వారియొద్ద నున్నదో, ఏభాగము మార్చిరో వ్రాయించి నకలు తీసికొనవలెను. వారి పెద్ద మెకానిక్కును ప్రక్కన కూర్చుండబెట్టుకొని వణకు వచ్చు వేగమువరకు త్రోలి చూపి, ఆతని సంతకము కోరవలెను. సాధ్యమైనచో అదే రకపు మరియొక క్రొత్తబండిని అదే దారిని అదే వేగమున త్రోలి కొలువవలెను. ఇదియే "స్వభావము" అను వాదమునకు తిరుగులేని పరీక్ష. జాతి స్వభావమే యైనచో రెండవ బండియు నంతే వణకవలెను. వణకనిచో స్వభావము కాదు, దోషము. వణకినచో అది మరింత గొప్పదోషము, ఏలయన నది యొక బండిది గాక నమూనాదే యగును.

అట్టి సందర్భమున ఒంటరిపోరు చాలదు. ఒకే లోపముచే బాధపడువారు పెక్కుమంది యున్నచో, కమిషను అనుమతిపొంది యొకరు అందరి పక్షమున ఫిర్యాదు చేయుటకు 2019 చట్టమునందే వీలు గలదు. ఆ సంవత్సరమే మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణచే, త్రోలువారికి గాని, లోన కూర్చుండువారికి గాని, దారిన పోవువారికి గాని హాని కలిగింపగల లోపమున్న బండ్లను నిర్మాత వాపసు పిలువవలెనని యాజ్ఞాపించు నధికారము కేంద్రప్రభుత్వమునకు లభించినది. ఫిర్యాదుచేసిన యజమానుల సంఖ్యయు నందొక యాధారము. అనగా నోరుమూసికొని సహించెడు ప్రతి యజమానియు ఆ లెక్కనుండి తన్ను తాను కొట్టివేసికొనుచున్నాడు.

తుదకు జాతీయదృష్టితో నొకమాట. స్వదేశమున తయారైన వస్తువును విమర్శించుట ద్రోహమని తలచు సాధువర్గ మొకటి గలదు. 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిన పెద్దలు చదువుతోపాటు చేతిపనిని నేర్పదలచినది చేతకాని పనిని దేశభక్తిపేర నమ్ముటకు గాదు. పొందూరు ఖద్దరు సన్నదనముచే పేరుగాంచినది. ఆ నూలు వడకిన స్త్రీలు పోగు తెగినచో "ఇది దూదిస్వభావ"మని యూరకుండ లేదు, మరల ముడివైచి వడకిరి. స్వదేశీవ్రతము లోపమును సహించుట గాదు, లోపమును సవరింపజేయుట. వస్తువును కొని లోపమును చెప్పనివాడు ఆ పరిశ్రమకు మిత్రుడు గాడు. దాని నిద్రకు జోలపాడువాడు. నేడు మనదేశపు బండ్లు సముద్రముల నావలి దేశములకు పోవుచున్నవి. అచ్చటి కొనుగోలుదారునకు చెప్పజాలని సమాధానమును ఇచ్చటి రైతునకు చెప్పుట యేమి న్యాయము?

నా బండి నేటికిని వణకుచున్నది. కాగితములు మాత్రము క్రమముగా నొక కట్టలో చేరినవి: ఐదు జాబుకార్డులు, కొలతల పట్టిక, "స్వభావ"మని వ్రాసిన లేఖ. జిల్లా కమిషనునకు పంపవలసిన ఫిర్యాదు సిద్ధమగుచున్నది. ఫలిత మెట్లుండునో విచారణ తేల్చును. ఒక్కటి మాత్రము నిశ్చయము. దానిని దాచి పొరుగువానికి అమ్మను. సెకనుకు 38 మారులు అది చెప్పుచున్న మాటను వినవలసినవారు వినువరకు నేనును చెప్పుచునే యుందును.